ఎదురు బరువు

మూడు రాళ్లనూ పాతచీర పీలికలో చుట్టి నడుముకు కట్టుకున్నాక జమ్ములమ్మ ఒకసారి లేచి నిలబడి చూసుకుంది. పీలికకు రెండు ముళ్లు వేసి, వాటిమీద ఇంకో ముడి బిగించి, పైనుంచి చీర సర్దుకుంది. బయటికి ఏమీ తెలియడం లేదు. కాస్త పొట్ట ఉన్నట్టు కనబడుతోంది, అంతే. నాలుగు నెలల కింద ఆమెకు ఆ మాత్రం పొట్ట ఉండేది.

తూము గోడ చాటున ఆమె ఈ పనిలో ఉండగా, మొగుడు కురుమయ్య పుట్టిని నెత్తిన బోర్లించుకొని చెరువు కట్ట దిగుతున్నాడు. పుట్టి కింద దూరిన మనిషికి తన కాళ్లు తప్ప మరేమీ కనబడవు. వెనక పెండ్లాం ఏం చేస్తుందో చూడాలంటే పుట్టి దించాలి. దించి, వెనక్కి తిరిగి చూసే ఓపిక ఆయనకు పెండ్లయిన నాటినుంచీ లేదు. అందుకే పన్నెండు రోజులుగా ఈ సంగతి ఆయన కంట పడలేదు.

పుట్టి అంటే నీళ్ల మీద పడవలా తేలే పెద్ద బుట్ట. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున ఎద్దుతోలు కుట్టి, దానికి ఆముదం పట్టిస్తారు. ముందూ వెనకా అని ఏమీ ఉండదు. ఎటు తోస్తే అటు పోతుంది, ఎవరు వంగితే అటు ఒరుగుతుంది. ఒకరు అంచు మీదికి వంగి వల లాగుతుంటే, ఎదుటి అంచున ఇంకొకరు కూర్చోవాలి. ఆ కూర్చోవడమే జమ్ములమ్మ పని.

నవ్వాల్సిన అవసరం లేదు. ఊళ్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు. కూచుంటే కూడా కష్టమేనా అని బావి దగ్గర ఆడవాళ్లు ముప్పై ఏండ్లుగా అంటూనే ఉన్నారు. వాళ్లకేం తెలుసు? వలలో చేప తన్నిన కొద్దీ మొగుడు ఇంకో జానెడు వంగుతాడు. తాను అంతే జానెడు వెనక్కి జరగాలి. ఆయన లేచాడా, తాను వెంటనే లోపలికి రావాలి. ఒక చేత్తో తెడ్డు, కళ్లు మొగుడి వీపు మీద, చెవులు గాలి మీద. రాయో ఇసుకమూటో పెట్టుకుంటే సరిపోదా అని ఒకప్పుడు కురుమయ్యే అన్నాడు, పెట్టి చూశాడు కూడా. రాయి దొర్లి ఆయన వైపే వచ్చింది. ఇసుకమూట కదలకుండా తన వైపే పుట్టిని ముంచబోయింది. బరువు ఉంటే చాలదు, దానికి తెలివి కూడా ఉండాలని ఆ రోజుతో ఆయనకు తెలిసివచ్చింది. ఆ తర్వాత మొన్న సంక్రాంతి దాకా పెండ్లాన్ని ఇంటి దగ్గర వదిలి రాలేదు.

అన్నేండ్లలో వాళ్ల పుట్టి ఒక్కసారి కూడా తిరగబడలేదు. ఆమె గురించి చెప్పుకోవడానికి ఉన్న గొప్ప అదొక్కటే, అదీ ఎవరూ చెప్పుకోలేదు.

గద్వాల దిక్కు, కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్ల. కాలు పట్టుకుని ఏట్లో పడేస్తే నవ్వుకుంటూ అవతలి ఒడ్డు ఎక్కేది. పదమూడో ఏట ఈ మెట్ట ఊరికి కోడలై వచ్చినప్పుడు మామ ఆమెను ఈ చెరువు దగ్గరికి తీసుకొచ్చి, ఈత వచ్చునా అని అడిగాడు. వచ్చునంది.

"అది మరిచిపో," అన్నాడు ముసలాయన. "ఇది ఏరు గాదు, చెరువు. లోతు లేదు, అదే దీంతో కష్టం. పడ్డవంటే మొగం పైకివెట్టి ఎల్లెల్కల పండుకో. కాలు మాత్రం దించకు. దించినోన్ని ఒండు ఇడ్సిపెట్టదు."

మామ మాట ఎంత నిజమో పదేండ్ల కింద తెలిసింది. కురుమయ్య తమ్ముడు సాయన్న ఒంటరిగా పుట్టి వేసుకుపోయాడు. రొమ్ముల లోతు నీళ్లే గదా అని పడగానే నిలబడబోయాడు. కాళ్లు తొడల దాకా ఒండు బురదలోకి దిగాయి. మర్నాడు వెదికితే నిలబడినవాడు నిలబడినట్టే దొరికాడు, నెత్తి మీద జానెడు నీళ్లతో. ఆయన పెండ్లాం ఈదమ్మ అప్పటినుంచి చేపలగంప నెత్తిన పెట్టుకొని కొత్తకోట సంతకు నడుస్తూ ఉంది.

ఆ తర్వాత జమ్ములమ్మకు చాదస్తం పట్టుకుందన్నారు. పుట్టిలో నిలబడొద్దు. వల నీళ్లలోని చెట్టుమోడుకు తగులుకుంటే గుంజొద్దు, అవతలికి తిప్పుకొని పోయి చేత్తో విడిపించాలి. పడమటి గాలి లేస్తే ఎంత చేప ఉన్నా ఒడ్డుకు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ల మీద ఉన్నప్పుడు ఒంటికి ఏదీ కట్టుకోవద్దు. ఒకసారి మొగుడు వలతాడు మణికట్టుకు చుట్టుకుంటే, ఎన్నడూ చేయనిది, ఆయన చేతి మీద ఒక్కటి చరిచి విప్పించింది. అట్లాంటి మనిషి ఈ పన్నెండు రోజులుగా నడుముకు రాళ్లు కట్టుకుంటోంది. ఎవరైనా ఇదేం పని అని అడిగితే చెప్పుకోవడానికి ఆమెకు నోరు లేదు.

దసరా దాటినప్పటినుంచి ఆమెకు తిన్నది ఇమడడం లేదు. కడుపులో ఎడమ పక్క ఏదో గట్టిగా చేతికి తగులుతోంది. నలుగురిలో నిలబడితే కనబడనంతగా చిక్కిపోయింది. సంక్రాంతి ముందు జ్వరంతో మూడు రోజులు లేవలేకపోతే, "నువ్వు పండుకో, నేను పోయొస్త," అని కురుమయ్య ఒంటరిగా పోయాడు. మూడోనాడు తలరుమాలు నీళ్లోడుతూ తిరిగి వచ్చాడు. రుమాలు తడిసిందంటే తల మునిగిందనే గదా. నాలుగోనాడు జ్వరంతోనే వెళ్లి పుట్టిలో కూర్చుంది.

కూర్చుందే గాని, ఉండాల్సిన బరువు లేదు. ఆయన వంగినప్పుడల్లా పుట్టి ఆయన వైపు దిగిపోతోంది. "ఏమే, సక్కగ కూసున్నవా?" అని వెనక్కి చూశాడు ఒకనాడు. చాలాసేపు చూశాడు. "పానం బాగలేదు నీకు. అమాస ఎల్లినంక ఇంట్లనే ఉండు. నేనొక్కన్నే జూసుకుంట," అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు, పాపం. ఆమెకు మాత్రం ఆ మాటలో సాయన్న తల మీది జానెడు నీళ్లు కనబడ్డాయి. మర్నాటినుంచి రాళ్లు కట్టడం మొదలుపెట్టింది.

అవి ఒండులోకి లాగే బరువని ఆమెకు తెలియక కాదు. పుట్టి తిరగబడితే గదా పడేది, నేనుండగా తిరగబడనిస్తనా అని ధైర్యం. ఇంక పదిహేను రోజులు గడిస్తే చాలు. జర్మనోళ్ల లడాయి మొదలై నాలుగో ఏడు నడుస్తోంది, ఈ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. మాఘానికే చెరువు సగానికి పడిపోయింది. శివరాత్రి దాటితే పుట్టి తేలేపాటి నీళ్లు ఉండవు. అప్పుడు ఈయన ఎట్లాగూ ఇంట్లోనే ఉంటాడు. తాను దవాఖానకు పోవచ్చు, లేదంటే పోయేదేదో ఇంట్లోనే పోవచ్చు.

"అక్కా, గాజులు మోచేతికి ఎక్కుతున్నయ్," అంది ఈదమ్మ, తూము చాటునుంచి వస్తున్న ఆమెను చూసి, చేపల కోసం తెచ్చిన గంప దించుకొని కట్ట మీద కూర్చుంటూ. "దవాఖానకు పోదాం పా. నేనొస్త నీ ఎంబడి."

"చెరువు ఎండనీ, పోదాం," అంది జమ్ములమ్మ.

పుట్టి నీళ్లలోకి దిగింది. ఆమె తన వైపు కూర్చుని తెడ్డు అందుకుంది. ఎండ ఇంకా ఎక్కలేదు. నీళ్ల అడుగున నాచు కనబడుతోంది, నాచు మధ్య తుమ్మమోళ్లు నల్లగా నిలబడి ఉన్నాయి. కట్ట పుట్టకముందు అక్కడ ఎవరివో చేన్లుండేవట. నిన్న సాయంత్రం వేసిన వల దగ్గరికి పోయి కురుమయ్య అంచు మీదికి వంగాడు. ఆమె వెనక్కి జరిగింది. రాళ్లు కూడా ఆమెతో జరిగాయి. పుట్టి బల్లపరుపుగా నిలబడింది.

మొదటి వలలో పరకలూ, నాలుగు జెల్లలూ పడ్డాయి. రెండో వలలో మోచేతి పొడవు కొర్రమట్ట ఒకటి వచ్చింది. అది పుట్టిలో పడి ఎగిరెగిరి తన్నుతుంటే కురుమయ్య మొహం వెలిగింది.

"ఇయ్యాల పుట్టి మంచిగ నిలవడ్డది," అన్నాడు. "పానం మంచిగైనట్టుంది నీకు. బరువెక్కినవ్."

"ఎక్కిన," అంది.

ఆ ఒక్క మాటకే ఆమె కడుపు నిండిపోయింది. నొప్పి లేదని కాదు. పీలిక ఒరిసి నడుము చుట్టూ తోలు లేచిపోయింది, చెమట తగిలి మండుతోంది. అయినా ముప్పై ఏండ్లలో తన బరువును మొగుడు మెచ్చుకోవడం అదే మొదలు. రాళ్లదో తనదో ఆమె పట్టించుకోలేదు.

మూడో వల మోడుకు తగులుకుంది. కురుమయ్య రెండుసార్లు లాగి చూశాడు. రాలేదు. మోకాళ్ల మీదినుంచి లేచి పాదాలు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"కూసో," అంది ఆమె.

"కూసుంటే వస్తదా ఇది?"

"నేను సుట్టు తిప్పుకొస్త. అటునించి తీద్దాం. కూసో నువ్వు."

"నీకు అన్నిటికి బయ్యమే," అని తాడు రెండు చేతుల్తో పట్టి వెనక్కి వాలి గుంజాడు.

పుట్టి ఆయన వైపు దిగింది. అంచు నీళ్లను ముద్దాడింది. ఆమె చేయాల్సిన పనే చేసింది. తన అంచు మీదికి ఎక్కి, వీపు నీళ్ల మీదికి వాల్చి, ఉన్న బరువంతా వెనక్కి వేసింది. పుట్టి నిలబడింది. ఆయన మళ్లీ గుంజాడు. ఆమె ఇంకా వాలింది. వల మోడు మీదినుంచి ఒక్కసారిగా ఊడి వచ్చింది. కురుమయ్య వెనక్కి పుట్టి మధ్యలో వెల్లకిలా పడ్డాడు. బరువంతా ఆమె వైపే అయిపోయింది. అంచు మునిగింది. ఆమె తెడ్డుతో సహా చడీచప్పుడూ లేకుండా నీళ్లలోకి జారిపోయింది.

ఆయన లేచి కూర్చునేసరికి పుట్టి మళ్లీ తేలింది. అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, వాటిలో చేపలు. అవతల జమ్ములమ్మ చేయి ఒకటి పైకి కనబడింది. ఆయనకు నవ్వు వచ్చింది. ఎన్నడూ పడని మనిషి పడింది గదా.

"ఎల్లెల్కల తేలు, ఏరు ఈదినదానివే గదనే," అన్నాడు.

నీళ్లలో ఆమె ఒళ్లు మామ నేర్పిన పనే చేసింది. తల వెనక్కి వాల్చింది, చేతులు బార్లా చాపింది. నడుము మాత్రం పైకి రాలేదు. అది కిందికి పోతుంటే కాళ్లు కూడా దాని వెంట పోయాయి. ఒండు మెత్తగా పాదాలను అందుకుంది, మోకాళ్లను అందుకుంది. ఆమె రెండు చేతులూ ముడి దగ్గరికి పోయాయి. మొదటి ముడి దొరికింది. నానిన గుడ్డ బిగుసుకుపోయి గోటికి లొంగలేదు. పైన పుట్టి అడుగు నల్లగా గుండ్రంగా కనబడింది, తిరగబడకుండా ఉంది. ఆయన ఉన్నాడులే అనుకుంది. ఇంకోసారి ముడి మీద గోరు వేసింది.

చేయి మునిగిపోయాక కురుమయ్యకు నవ్వు ఆగింది. తెడ్డు కోసం చూశాడు, అది అవతల తేలుతోంది. రెండు చేతుల్తో నీళ్లు కొట్టాడు. ఒంటి మనిషి చేతుల్తో కొడితే పుట్టి ముందుకు పోదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆయన కొట్టాడు, అది తిరిగింది. ఆమె పడిన చోటు ఒకసారి ఎదురుగా వచ్చింది, ఒకసారి వీపు వెనక్కి పోయింది. పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచాడు. అంతకుముందు ఆయన ఆ పేరు పిలవగా ఎవరూ వినలేదు. కట్ట మీద ఈదమ్మ అది విని లేచి ఊళ్లోకి పరుగెత్తింది.

ఇంకో పుట్టి వేసుకొని నలుగురు వచ్చి తీసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పిట్టంత మనిషి ఇంత బరువేందని వాళ్లు ఆశ్చర్యపోయారు. ఒడ్డున పడుకోబెట్టి చీర సవరించబోయిన ఈదమ్మ చేతికి నడుము దగ్గర గట్టిగా తగిలింది. చేపలు కోసే కత్తితో పీలిక తెగ్గోసింది. మూడు రాళ్లు దొర్లి బయటపడ్డాయి. చెరువులో బతికేవాళ్లకు అవి ఎందుకు కట్టుకుందో విడమరిచి చెప్పనక్కరలేదు.

కురుమయ్య ఆ రాళ్లను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని చూశాడు.

"చెప్పి ఉంటే కూసొనే గుంజుతుంటి గద. ఒక్క మాట చెప్పకపాయె."

ఈదమ్మ ఆయన మొహం చూడలేదు. అక్క మోచేతికి ఎక్కిన గాజులను మెల్లగా మణికట్టు దాకా దించుతోంది.

"పదేండ్ల సంది అదొక్కటే చెప్పింది గద బావా, కూసొమ్మని."

జనం జమ్ములమ్మను ఎత్తుకొని కట్ట ఎక్కుతుంటే ఆయన కూడా లేచి వాళ్ల వెనక నడిచాడు. పుట్టి నీళ్ల అంచున ఉండిపోయింది. అందులో ఒక వైపు, కూర్చోవడానికి ఆమె నాలుగు మడతలు వేసి అంచుకు కుట్టుకున్న గోనెపట్ట ఎండకు ఆరుతోంది.