పట్టాలమ్మ రాయి

నా బిడ్డ సరిత పట్టాల వెంట తిరిగే చదువు చదువుతోందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఎమ్మే చరిత్ర. నిజాం కాలంలో వేసిన మా ఉందానగర్ స్టేషన్ చుట్టూ ఏమేముండేవో, జనం ఎట్లా బతికారో రాసి కాలేజీకి ఇవ్వాలట. పాత క్వార్టర్లు, బొగ్గు ఇంజన్లకు నీళ్ళు పట్టిన తొట్టి, పట్టాలు బాగుచేసే గ్యాంగు వాళ్ళు కూర్చునే అరుగు, అన్నీ కాగితం మీద గీసుకుంటోంది.

పక్కనే విమానాశ్రయం ఉండడంతో నా భయం రెట్టింపయింది. నెత్తిమీద విమానం మోగితే వెనక వచ్చే రైలు కూత వినపడదు. ఆ రోజు ఉండబట్టలేక నేనూ వెంట వెళ్ళాను.

క్వార్టర్ల దగ్గర ఈరమ్మ కలిసింది. ఆమె మగడు గ్యాంగులో చేసి రిటైరయ్యాడు. సరిత ఆమెకు పట్టాల పక్కన సున్నం పూసిన రాయిని చూపించింది.

"పెద్దమ్మా, ఈ దేవత పేరేంది?"

"గిన్ని బుక్కులు చదివినవ్, గిది తెల్వదా? పట్టాలమ్మ! దండం పెట్టకుంట మా ఆయనను డ్యూటీ ఎక్కనియ్యకపోతుంటి."

"ఎవరు పెట్టిన్రు?"

"దేవతను ఎవరన్న పెడ్తరా బిడ్డా? వెలిసింది."

సరిత నవ్వుతూ రాసుకుంది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఆ రాయి పెట్టింది నేను. సరిత తండ్రి కీమన్. రోజూ సుత్తె పట్టుకుని లైను వెంట నడుస్తూ, వదులైన చీలలు బిగించేవాడు. పద్దెనిమిదేళ్ళ కింద అక్కడే రైలు కొట్టి పోయాడు. అప్పుడు సరితకు మూడేళ్ళు. రైలు మోతకు జడుసుకుంటుందని, జ్వరంతో దవాఖానలో పోయాడని చెప్పాను. రాయిని ఎవరైనా పారేస్తారేమోనని పసుపు కుంకుమ పెట్టాను. తర్వాత బదిలీల మీద వచ్చిన గ్యాంగు ఆడవాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. నేను కాదనలేదు.

"రెండో లైను పడ్తదంటున్నరమ్మా" అంది సరిత. "దేవత అంటే జర పక్కకన్న జరుపుతరు. ఉత్త రాయైతే తీసి పారేస్తరు."

అయితే నోరు మూసుకోవడమే మేలనుకున్నాను.

సరిత రాయి ఫొటో తీయడానికి రెండు పట్టాల నడుమ నిలబడింది. వీపు రైలు వచ్చే కొత్తూరు దిక్కు. అప్పుడే విమానం కిందికి దిగుతూ వచ్చింది. చెవులు గింగురుమన్నాయి. నేను గొంతు చించుకుని అరిచాను.

"ఆడ నిలవడకు! మీ బాపు ఆడనే పోయిండు!"

విమానం దాటిపోయింది. రైలు రాలేదు. పట్టాలు ఖాళీగా ఉన్నాయి.

"గిన్నేండ్లు మనిషికి మొక్కిన్నా?" అని ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిత మెల్లగా నా దగ్గరికి వచ్చింది. "జరమొచ్చి పోయిండన్నవ్ గద."

పుస్తకం తెరిచి తన రాత చూసుకుని అంది: "గ్యాంగోళ్ళు పట్టాలమ్మ అంటరని రాసిన. అది అబద్ధం కాదు. గట్లనే ఉంచుత."

"మరి మీ బాపు పేరు?"

"పేరు రాస్తే రాయి ఉండది. నీకేది గావాలె?"

"రాయి" అన్నాను. ఆ మాట అంటుంటే ఆయన్ని నేనే మళ్ళీ పంపించేసినట్టయింది.

సరిత పుస్తకం సంచిలో పెట్టింది. రాయి ముందు గొంతుక్కూర్చుంది. దండం పెట్టలేదు.

"బాపు ఏ యాళ్లకు పోయిండు?"

"పొద్దుగాల. ఏడు కాలేదు."

"ఏమన్న తిన్నడా?"

"లేదు బిడ్డా. నేనింకా పొయ్యి ముట్టియ్యలేదు."