మూడు పందేలా, ఒక్కటా?

మార్టూరు రాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసే ఆదాం సైకిలెక్కితే, ఆ చుట్టుపక్కల అతన్ని అందుకునేవాడు లేడు. అలాంటిది ఆ ఏడు చాంపియన్ కప్పు తన బావ జక్రయ్య చేతిలోకి వెళ్ళేసరికి అతనికి ఒళ్ళు మండింది.

జక్రయ్య బడిపంతులు, ఆదాం అక్క రెబ్కాకు భర్త. సైకిల్ సంఘం సెక్రటరీ వెంకయ్య గారు ఆ ఏడు కొత్త పద్ధతి పెట్టారు. మూడు పందేలు, వచ్చిన స్థానాన్ని బట్టి మార్కులు, మొత్తం మీద ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళే చాంపియన్. మొదటి రెండూ ఆదామే గెలిచాడు. మూడోదాంట్లో ఎద్దు నాడా మేకు టైర్లో దిగి, పత్తి లారీల దుమ్ములో రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఒక్క మార్కూ రాలేదు. జక్రయ్య మూడింట్లోనూ రెండో వాడే. మార్కులు కూడితే అతనిదే పైచెయ్యి అయింది.

"నేను తొక్కుతుండగా నన్ను ఒక్కసారన్నా దాటావా బావా?" అని అందరి ముందూ నిలదీశాడు ఆదాం.

"లేదురా," అన్నాడు జక్రయ్య నెమ్మదిగా.

ఆ నెమ్మదే ఆదాంని మరింత మండించింది. రెబ్కా ఆ కప్పుకి పసుపు రంగు గుడ్డ కట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. తమ్ముడు గెలిచిన రోజుల్లో ఒక్కనాడూ అంత మురిసిపోలేదు. అక్క ఇంటికి పోవడం మానేశాడు ఆదాం. వెంకయ్య గారి చుట్టూ తిరిగి, అరిచి, బతిమాలి, వచ్చే ఏడు ఒక్కటే పందెం పెట్టేలా ఒప్పించాడు. "ముందొచ్చినోడే మొనగాడండీ. కూడికలు తీసివేతలు బళ్ళో చేసుకోవాలి!"

మరుసటేడు పందెం మొదలైంది. మిరప కళ్ళాల ఘాటు కళ్ళకి కొడుతున్నా ఆదాం అందరికంటే ముందున్నాడు. కానీ బావ ఎంత దూరంలో ఉన్నాడో చూడకుండా ఉండలేకపోయాడు. ఒకటికి నాలుగుసార్లు వెనక్కి తిరిగాడు. ఆఖరిసారి తిరిగినప్పుడు ముందు చక్రం తారు అంచు దాటి కంకరలోకి జారింది. అతను లేచి మోకాళ్ళ మట్టి దులుపుకునేలోపే జక్రయ్య దాటిపోయాడు.

ఆ సాయంత్రం జక్రయ్య గాయాలకి మందు పట్టుకుని వచ్చాడు.

"మూడు పందేలే న్యాయం రా, ఒకదాంట్లో పడ్డా ఇంకో రెండుంటాయి. సెక్రటరీ గారితో నేనే చెప్తాను."

"నామీద జాలి పడబాక!"

"జాలి కాదు. నువ్వు పడబట్టే నేను ముందొచ్చా. అది గెలుపెట్టా అవుద్ది?"

ఇద్దరూ కలిసి వెంకయ్య గారి దగ్గరికి వెళ్ళారు. జక్రయ్య చెప్పింది విని ఆయన నవ్వి, "ఏరా ఆదాం, ఈసారి నువ్వు చెప్పు. మూడా, ఒకటా?" అనడిగారు.

మూడు ఉంటే తనకే మేలని ఆదాంకి బాగా తెలుసు. కానీ ఆ మాట ముందు బావ అన్నాడు. బావ వల్ల కప్పు రావడం కంటే రాకపోవడమే నయమనిపించింది.

"ఒకటేనండీ," అన్నాడు.

బయటికొచ్చాక జక్రయ్య తెల్లబోయి చూశాడు. "ఎందుకన్నావురా అట్టా?"

ఆదాం సైకిలెక్కి, కట్టు కట్టిన మోకాలు నొప్పి పెడుతున్నా ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా తొక్కాడు.