ఏనుగు చెవికి పోయిన పేజీ

మా వదిన గుడ్డబొమ్మలు కుట్టి అమ్ముతుంది, కథలు రాస్తుంది, ఇద్దరు పిడుగుల్ని పెంచుతుంది. మూడూ ఒకే బల్ల మీద. నాకైతే అందులో ఒక్కదానికే రోజు చాలదు.

మొన్న సాయం చేద్దామని వెళ్లి, గుడ్డ ఏనుగు చెవికి కొలత కోసం బల్ల మీదున్న కాగితం కత్తిరించేశాను. తీరా చూస్తే అది వదిన కొత్త కథలో చివరి పేజీ! మిగిలిన ముక్కల్ని అప్పటికే చిన్నాడు నమిలేస్తున్నాడు.

నామీద నాకే ఒళ్లు మండి, ఆమె మీద అరిచాను. "రాసిన కాగితాలు విడిగా పెట్టుకోవచ్చు కదా వదినా!"

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. వదిన మాత్రం సూది మీంచి చూపు తిప్పలేదు.

"బుజ్జీ, అన్నం తినేటప్పుడు చెప్పానే, ఆ కథ చివర ఏమైందో అత్తకి చెప్పమ్మా."

ఐదేళ్ల బుజ్జి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. వదిన సూది పక్కన పెట్టి గబగబా రాసుకుంది.

"మధ్యలో ఒక మాట వదిలేశావే?"

"అక్కడ తమ్ముడు ఆవలించాడమ్మా."

వదిన రాసుకున్నది ఒకసారి చదువుకుని, ఆ మాట లేకుండానే కథ ముగించింది. తర్వాత ఆ పోయిన పేజీకి ముందు పేజీ తీసి నా చేతిలో పెట్టింది.

"తొండానికి ఇది కత్తిరించు."