ఒక్క గుక్క

హిల్క్కాకు అరవై ఎనిమిదేళ్లు. తూర్పు ఫిన్లాండులోని ఆ చిన్న ఊళ్లో ముప్ఫై ఏళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పింది. ఎవరికి ఏది మంచిదో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆమె గట్టి నమ్మకం. చర్చి తరఫున జైలుకు వెళ్లి ఖైదీలను పలకరించే పనిని కూడా అడిగి మరీ నెత్తిన వేసుకుంది. నాలుగేళ్లుగా తువోమోను చూసి వస్తోంది.

తువోమో తాగిన మైకంలో, సీసా అడుగున మిగిలిన సారా కోసం, స్నేహితుణ్ణి పొడిచి చంపినవాడు. శిక్షలో చివరి ఆరు నెలలు బయట గడపమని వదిలారు. ఎక్కడున్నాడో కనిపెట్టే ఎలక్ట్రానిక్ పట్టీ కాలికి వేశారు. చర్చివాళ్లు గది చూసిపెట్టారు. చుక్క ముట్టకూడదన్నది షరతు. అధికారి ఎప్పుడైనా వచ్చి గొట్టంలో ఊదిస్తాడు. ముట్టినట్టు తేలితే మళ్లీ లోపలికే.

ఆరు వారాలు బాగానే నడిచింది. తువోమో చర్చి ముంగిట మంచు ఎత్తిపోసేవాడు, ఆదివారం ఆరాధనకు వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆరాధనయ్యాక కాఫీ దగ్గర అతనితో వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఎంతో మర్యాదగా పక్కకు జరిగిపోయేవారు. అందరికన్నా ముందు జరిగేది రైతు వెయ్యో. హిల్క్కాకు ఒళ్లు మండిపోయేది. ప్రేమ, క్షమ అని గొంతెత్తి పాడేది ఈ పెద్దమనుషులే కదా!

ఏప్రిల్ మొదటి ఆదివారం ప్రభు బల్ల, క్రీస్తు రక్తంగా వైన్ పంచుకునే ఆచారం. అందరూ బలిపీఠం చుట్టూ మోకరిస్తే ఒకే వెండి గిన్నె నోటి నుంచి నోటికి వెళుతుంది. వైన్ పడనివాళ్లు ఎడమ చివర మోకరించాలి. వాళ్లకు చిన్న గిన్నెలో పళ్లరసం ఇస్తారు. తువోమోను అక్కడ ఉంచమని పాస్టర్ సైలమ్మ హిల్క్కాకు ముందే చెప్పింది. కానీ ఎడమ చివర మోకరించడమంటే తాగుబోతునని ఊరంతటికీ చాటింపు వేసుకోవడమేనని హిల్క్కా అనుకుంది. పైగా, అతను తాగిన గిన్నెలోంచి ఆ పెద్దమనుషులచేత తాగించాలని ఆమెకు మహా పట్టుదల. తువోమో మోచెయ్యి పట్టుకుని నడుమకు, సరిగ్గా వెయ్యో పక్కకు నడిపించింది.

"పెద్దమ్మా, అందులో ఉన్నది నిజం వైనేనా?" తువోమో గుసగుసగా అడిగాడు.

"ఒక్క గుక్కరా. అది తాగుడు కాదు, ప్రభువు రక్తం."

"ఆ సంగతి నాకు తెలుసు. నా నాలిక్కి తెలియొద్దూ?"

"నేను పక్కనున్నాగా. నీ తర్వాత ఎవడు తాగనంటాడో చూస్తాను."

గిన్నెతో వచ్చిన సైలమ్మ ఒక్క క్షణం ఆగి హిల్క్కా వైపు చూసింది. హిల్క్కా తొణకలేదు. తువోమో తాగాడు. అతని తర్వాత వెయ్యో కూడా తాగాడు. హిల్క్కాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇంతకన్నా ఏం కావాలి?

కాఫీ దగ్గర వెయ్యో తనంతట తనే వచ్చి, "రేపు కట్టెలు కొట్టాలి, వస్తావా?" అని తువోమోను అడిగాడు. తువోమో తలూపాడు, కాఫీ మాత్రం ముట్టలేదు. "కాస్త గాలి పీల్చుకొస్తా" అని బయటికి వెళ్లాడు.

గంట గడిచినా రాలేదు. గదిలోనూ లేడు. ఊరంతా గాలించిన హిల్క్కాకు మూడింటికి, బీరు కూడా అమ్మే పెట్రోలు బంకు వెనక, సరస్సు ఒడ్డున కనిపించాడు. కాళ్ల దగ్గర బీరు డబ్బాలు ఏడు ఉన్నాయి, అన్నీ ఖాళీవే.

"చుక్క ముట్టి ఆరేళ్లయింది కదా, ఆ రుచి మర్చిపోయాననుకున్నా పెద్దమ్మా," అన్నాడు. "ఆమెన్ అనకముందే నా కాళ్లు ఇటు తిరిగాయి. ఆఫీసరుకి నేనే ఫోన్ చేశా. వస్తున్నాడు."

"నాదే తప్పురా! నేనే చెప్తాను ఆయనకి..."

"గుక్క నువ్వు తాగించావు. ఇవి నేను కొన్నా. ఏడవకు."

అధికారి వచ్చాక హిల్క్కా అంతా చెప్పింది, తన మొండితనంతో సహా. ఆయన ఓపికగా విని, తువోమో ఊదిన గొట్టం మీది అంకె చూపించాడు. "చర్చి గుక్కకి ఇంత రాదమ్మా," అని కారు తలుపు తీశాడు.

"బుధవారం వస్తాను నాయనా," అంది హిల్క్కా.

"రావద్దు."

"నా మీద కోపమా?"

"కోపమైతే తీరిపోయేది. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటే నేనూ మనిషిలా బతకొచ్చనిపిస్తుంది. ఇంక అలా అనిపిస్తే నేను తట్టుకోలేను. రానని చెప్పు."

ఆమె జవాబు కోసం అధికారి కూడా తలుపు వేయకుండా ఆగాడు.

"చెప్పు, పెద్దమ్మా."

"రాను," అంది హిల్క్కా.