జానెడు ఎత్తు

నేను ఒక కిరీటాన్ని. బంగారం అనుకునేరు! నానబెట్టిన పాత కాగితాల గుజ్జు, మెంతిపిండి, పైన కాస్త తళుకు, అంతే నేను. బొబ్బిలిలో నాటకాల సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో పుట్టాను. ఎందరో మహారాజుల తలలెక్కాను. తెర పడగానే ఆ మహారాజులు నన్ను మూలకు గిరాటేసి ఆఖరి బస్సు కోసం పరుగెత్తేవారు.

దుకాణం మూతపడ్డాక విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీ నాటక సమాజం నన్ను కొనుక్కుంది. గ్రీన్‌రూమ్ బీరువాలో, కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలికి సగం నిద్రలో ఉండేదాన్ని. ఏడాదికోసారి ‘పట్టాభిషేకం’ అంటూ లేపేవారు.

కొత్తగా చేరినవాడికి కళ్లకు గంతలు కట్టి, నన్ను నెత్తిన పెట్టి, నేల మీద పరిచిన బల్లచెక్క మీద నిలబెడతారు. ఇద్దరు సీనియర్లు బల్లను జానెడు ఎత్తు లేపి ఊపుతారు. మిగతావాళ్లు మాట్లాడుతూనే మెల్లగా నేల మీదికి వంగిపోతారు. మాటలు కిందికి దిగిపోతుంటే, పైనున్నవాడికి తాను కప్పు దాకా లేచిపోయినట్టే ఉంటుంది. అప్పుడు దూకమంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సరదా.

ఒక సాయంత్రం జగ్గారావు వంతు. పాలకొండ పక్క పల్లె నుంచి వచ్చాడు, నాటకమంటే ప్రాణం. బల్ల లేచింది, గొంతులు కిందికి జారాయి. “దించీండన్నా, దించీండి” అని వాడు ఏడ్చేశాడు.

“ఏం ఏక్టింగురా బాబూ!” అని చప్పట్లు మోగాయి. నాటకాలవాళ్లు కదా, కన్నీళ్లు కనబడితే చప్పట్లు కొట్టడమే అలవాటు.

నేను జారిపోకుండా వెనక నుంచి పట్టుకున్నది సమాజం కార్యదర్శి స్వర్ణలత. నటించేవాడి చేతులు వణుకుతాయి, గొంతు వణుకుతుంది, తల వణకదు. ఇన్ని తలలెక్కినదాన్ని, నాకా మాత్రం తెలుసు. నా అంచు మీద ఆమె వేళ్లకూ తెలిసింది.

“ఆపండర్రా! ఇది ఏక్టింగు కాదు. తల ఒణికిపోతంది!”

గంతలు విప్పితే కాళ్ల కిందే నేల. దాన్ని చూసి వాడు ఇంకా ఏడ్చాడు. “మా నాన్న తాడిచెట్టు మీంచి పడి సచ్చిపోనాడక్కా” అని, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు స్వర్ణలత ఆ గంతల గుడ్డను అందరి ముందూ కత్తిరించి, రంగు తుడుచుకునే పీలికలు చేసింది. “ఇక పట్టాభిషేకం లేదు. ఎవడైనా మొదలెడితే యాంటీ ర్యాగింగ్ కమిటీ దగ్గరికి నేనే లాక్కుపోతాను” అంది. తర్వాత జగ్గారావు దగ్గరికి వెళ్లి, “తప్పు మాదిరా తమ్ముడూ. నాటకంలో నీ వేషం ఎవరికీ ఇవ్వలేదు. రావాలనిపిస్తేనే రా” అని చెప్పి వచ్చింది.

వాడు చాలా రోజులు రాలేదు. ఒకనాడు కిటికీ అవతల నిలబడి రిహార్సల్ చూశాడు. మరోనాడు గుమ్మం దాకా వచ్చాడు. ఆ తర్వాత లోపలికి వచ్చాడు.

ఇప్పుడు కార్యదర్శి జగ్గారావే. నా తళుకంతా రాలిపోయింది, ఏ రాజుకూ పనికిరాను. మొన్న కొత్తగా చేరిన ఒక అమ్మాయి బీరువా ముందు ఆగి, “అన్నా, దీన్ని పెట్టుకోవాలా?” అని బెరుగ్గా అడిగింది.

“అలాటి రూలేం లేదమ్మా. నీకు ముచ్చటైతే పెట్టుకో.”

ఆమె నన్ను నెత్తిన పెట్టుకుని, అద్దంలో చూసుకుని నవ్వింది. తల వణకలేదు. సముద్రపు గాలి వీచింది. ఇన్నేళ్లకు మొదటిసారి, ఒకరి తల మీద ఉండగానే నాకు కునుకు పట్టింది.