మూడో ప్రశ్నకు జవాబు

ఎల్లన్న చేసింది తప్పే. కానీ ఆ క్యాంపుల ఉన్న ఏ మనిషైనా గదే తప్పు చేస్తుండె. ముందుగాల ఈ మాట చెప్పి ముచ్చట మొదలుపెడుత.

సౌదీల రాస్ తనూరా నూనె రిఫైనరీ పనులు కాంట్రాక్టుకు పట్టే ఒక కంపెనీల ఎల్లన్న పన్నెండేండ్ల సంది పంపులు రిపేరు చేస్తున్నడు. జగిత్యాల దిక్కు మనిషి. నడుస్తున్న పంపు మీద చెయ్యి పెడితే చాలు, లోపలి బేరింగు ఇంకెన్ని రోజులు ఆగుతదో చెప్తడు. సౌదీ సర్కారిచ్చిన ఆయన ఇకామా కార్డు మీద మాత్రం గొర్లకాపరి అని ఉంటది. ఏజెంటుకు ఆ రోజుల్ల దొరికిన వీసా గదే మరి! పన్నెండేండ్లల్ల ఎల్లన్న సౌదీల ఒక్క గొర్రెను ముట్టలె, బిర్యానీల తప్ప.

నితాఖత్ అనే కొత్త కానూను వచ్చినంక, ఇకామా మీద ఒక పని ఉండి చేసేది ఇంకోటైతే పట్టుకోని ఇంటికి తోలుడు షురువైంది. అప్పటిసంది పనోళ్ళుండే క్యాంపుల ఒక కట్టుబాటు పడ్డది. ఎవలు కాయితం పట్టుకొచ్చి నీ పనేంది అని అడిగినా ఇకామా మీద ఉన్నదే చెప్పాలె. కొత్తగ వచ్చిన పిలగాండ్లకు ఈ పాఠం చెప్పేది కూడ ఎల్లన్ననే.

గసుంటి క్యాంపుకు ఇద్రీసు సారు ప్రశ్నల కాయితాలు పట్టుకోని వచ్చిండు. ఆయనది ఘనా దేశం. కంపెనీల సేఫ్టీ ఆఫీసరు. డ్యూటీల హెల్మెట్లు, బెల్టులు చూసుకుంట తిరుగుతడు, సెలవు దినాన వాళ్ళ దేశపు యూనివర్సిటీకి పీహెచ్‌డీ రాసుకుంటడు. కంపెనీ మనుషులను తగ్గించుకుంటే ఉన్నోళ్ళ మీద ఏ పని పడ్తది, ఆ పని నేర్చినోళ్ళు ఎందరు, దెబ్బలు ఎవలకు తాకుతున్నయి అని ఆయన పరిశోధన. అప్పటికే లెవీలు పెరిగినయి. మనిషికింత అని సర్కారుకు కట్టలేక, కంపెనీ సగం మందిని మళ్ళ రాకుంట ఖురూజ్ ముద్ర కొట్టి పంపింది. టాంకులు కడిగే ఫిలిప్పీనోళ్ళ జట్టు మొత్తం గట్లనే పోయింది, వాళ్ళ పని ఉన్నోళ్ళ మీద పడ్డది.

"ఎల్లన్నా, వీళ్ళు నీ మాట వింటరు. పేర్లు రాయొద్దు, నిజం రాస్తే చాలు" అన్నడు ఇద్రీసు, ఉర్దూల. ఘనా ఉర్దూ, జగిత్యాల ఉర్దూ కలిస్తే ఎట్లుంటదో మీరే అనుకోండ్రి. వాళ్ళిద్దరికి మాత్రం మంచిగనే సమజైతుండె.

శుక్రారం తిండ్లయినంక మెస్సుల కూసోని ఎల్లన్న ఒక్కొక్క ప్రశ్న చదువుకుంట పోయిండు. మొదటిది వయసు. రెండోది వచ్చి ఎన్నేండ్లాయె. మూడోది, ఇక్కడ ఏం పని చేస్తవు.

"ఏముందిరా, ఇకామా మీద ఏమున్నదో గదే రాయుండ్రి" అన్నడు. ఆలోచించి అన్న మాట కాదు, అలవాటుగ వచ్చింది.

వంట చేసే కడప బాషా గరిటె పట్టుకోనే నవ్విండు. "అట్లయితే నేను వడ్రంగి, రాసుకోప్పా. నిన్న పప్పులో పుల్ల తగిలినోళ్ళకి ఇప్పుడు తెలిసింటాది."

నూట నలభై మంది రాసిచ్చిండ్రు. ఎల్లన్న కాయితాలు సాపు చేసి కట్టగట్టి ఇచ్చిండు.

పదిరోజులకు ఇద్రీసు పంపుల షెడ్డుకు వచ్చిండు. "మా ప్రొఫెసరమ్మ ఫోన్ చేసింది ఎల్లన్నా. నూనె ఊరికి పోయినవనుకున్న, ముప్పై ఒక్కమంది గొర్లకాపర్లు, పద్దెనిమిది మంది బార్బర్లు కనపడుతున్నరు, ఆ గొర్లకు కటింగ్ చేస్తున్నరా అని అడుగుతున్నది" అన్నడు.

ఎల్లన్న స్పానర్ కింద పెట్టి కండ్లల్ల నీళ్ళు వచ్చేదాక నవ్విండు. ఇద్రీసు నవ్వలె.

"నా చదువు సంగతి ఇడిసిపెట్టు. టాంకుల దిగేటోళ్ళు ఎందరు, ట్రైనింగు ఎందరికియ్యాలె అని కంపెనీ అడిగితే, నేను ఈ కాయితాలల్ల క్లీనరు అని రాసినోళ్ళను చూసే పదకొండు మంది అని చెప్పిన. మాస్కులు, గ్యాసు మీటర్లు పదకొండే వచ్చినయి. నిజం చెప్పు, పదకొండేనా?"

ఎల్లన్న నవ్వు ఆగింది. వాళ్ళ చిన్నమ్మ కొడుకు స్వామిని ఎనిమిది నెలల కింద తనే పిలిపిచ్చిండు. కాయితం మీద బార్బరు. ఆ కట్టల ఉన్న పద్దెనిమిది మంది బార్బర్లల్ల వాడొకడు. నిన్న బువ్వ తినుకుంట వాడే చెప్పిండు, వచ్చే ఐతారం సంది టాంకుల దిగుమన్నరన్నా, ఎండ తప్పింది అని. ఎంత ఖుషీగ చెప్పిండో!

ఎల్లన్న ఒకసారి కండ్లార చూసిండు, టాంకుల నుంచి ఇద్దరిని బయటికి తీసుడు. ఒంటి మీద దెబ్బ లేదు, గీత లేదు, పండుకున్నట్టే ఉన్నరు. టాంకుల ఉండే గ్యాసు మొదట ఇంత వాసన కొడుతది, తర్వాత కొట్టది. వాసన పోయింది అనుకుంటరు, పోయేది మనిషి.

"ఆలోచించి చెప్త సార్" అన్నడు.

ఏం ఆలోచిస్తడు? నోరు తెరిస్తే నూట నలభై మంది నోట్ల మన్ను గొట్టినట్టు. తెరవకపోతే చిన్నమ్మకు ఏం మొఖం చూపెట్టాలె? రెండు దినాలు ఇదే లెక్క తిప్పితిప్పి చూసుకున్నడు. మూడోనాడు గురువారం, డ్యూటీ దిగంగనే చక్కగ సేఫ్టీ ఆఫీసుకు పోయిండు.

"పదకొండు కాదు సార్. ఎంతమందో నాకే తెల్వది. అట్ల రాయుమన్నది నేనే, తప్పు నాది."

ఇద్రీసు రెండు చేతుల తల పట్టుకున్నడు. ఆ కాయితాల కట్ట పక్కకు నూకి అన్నడు, "మళ్ళ అడుగుదాం. ఎవలు ఏం రాసిండ్రో నేను చెప్ప, మా యూనివర్సిటీల ప్రమాణం చేసిన. కానీ లెక్క మాత్రం కంపెనీకి చెప్త. లెక్క చూసి వాళ్ళే వెతుకుతే నేను ఆపలేను. ఇది ఎరుకైనంకనే ఊ అను."

ఎల్లన్న ఊ అన్నడు.

మళ్ళ శుక్రారం, మళ్ళ మెస్సు, ఈసారి ఇద్రీసు కూడ వచ్చి కూసున్నడు. ఎల్లన్న దాచకుంట అంతా చెప్పిండు. నీకు పిచ్చి లేసిందా అని ఒకడు, అందరిని ముంచుతవా అని ఇంకొకడు లేసిండ్రు. కొంత సల్లబడ్డంక కాయితాలు ఇస్తే మళ్ళ గవే గొర్లు, గవే కత్తెరలు! మూడో ప్రశ్న చూడంగనే చెయ్యి దానంతటదే ఇకామా మాట రాస్తుండె. ఎల్లన్న ఆ ప్రశ్న కొట్టేసిండు. "పనేందో చెప్పకుండ్రి. నిన్న పొద్దంత నీ చేతిల ఏముండె, ఎల్లుండి సంది ఏం పట్టుమన్నరు? గది చెప్పు" అన్నడు.

గ్రైండరు. హోసు పైపు. టాంకు గీకే బ్రష్షు. బ్రష్షు. మళ్ళ బ్రష్షు. ఒక్కొక్కరే చెప్తుంటే ఇద్రీసు రాసుకున్నడు. టాంకుల దిగినోళ్ళు, దిగబోయేటోళ్ళు కలిసి యాభై ముగ్గురు తేలిండ్రు.

శనివారం లెక్క మేనేజరు టేబులు మీదికి పోయింది. ట్రైనింగు లేనోళ్ళు దిగొద్దని ఇద్రీసు ఆ పొద్దే పని ఆపిచ్చిండు. మేనేజరు ఎవలు రాసిండ్రో కాయితాలు తెమ్మంటే, నౌకరి పోయినా తేను అన్నడు. తేకపోతే ఏమాయె? ఇకామాలన్నీ కంపెనీ కంప్యూటర్ల ఉండనే ఉన్నయి. ఇరవై మందికి ట్రైనింగు ఇచ్చిండ్రు, కొందరిని వేరే పనికి మలిపిండ్రు. చెకింగుల దొరికితే మెడకు చుట్టుకుంటదని, కొత్తగ వచ్చిన తొమ్మండుగురికి ఖురూజ్ కొట్టిండ్రు. అండ్ల స్వామి ఉన్నడు.

పెట్టె సదురుకుంట స్వామి అడిగిండు, "నా పేరు నువ్వే ఇచ్చినవ్ గదా అన్నా?"

"పేరియ్యలె తమ్మీ. లెక్క చెప్పిన."

"రెండు ఒక్కటే" అన్నడు స్వామి. పెట్టె ఎల్లన్నను పట్టుకోనియ్యలె, తనే మోసుకోని బస్సు ఎక్కిండు.

వాడు పోయినంక ట్రైనింగు అయినోళ్ళు మాస్కులు కట్టుకోని అదే టాంకుల దిగిండ్రు. కడిగిండ్రు, ఎక్కిండ్రు. ఎవలకు ఏం కాలె.

ఎల్లన్నకు గదే పురుగోలె తొలుస్తుండె. "సార్, ఉట్టిగనే తోలిచ్చిన్నా వాన్ని?" అని అడిగిండు.

ఆ రాత్రి ఇద్రీసు తను రాసుకున్న పట్టికలు తెచ్చి చూపెట్టిండు. "పడ్డోళ్ళ లెక్క ఉన్నది ఎల్లన్నా, సచ్చినోళ్ళ లెక్క ఉన్నది. పడకుంట మిగిలినోళ్ళ లెక్క ఏ గడిల రాయాలె? మా ప్రొఫెసరమ్మకు కూడ తెల్వది."

మూడు నెలలకు, ఒక శుక్రారం పగటిపూట, స్వామి ఊరి నుంచి ఫోన్ చేసిండు. తాగలె, ఏం లేదు, ఉన్న తెలివితోనే తిట్టిండు. "ఆ టాంకుల ఎవడన్న సచ్చిండా? సావలె గదా! నా బతుకు ఆగం జేసినవ్. నువ్వు నాకు అన్నవే కాదు!"

బాషా పక్కనే ఉన్నడు. "ఎందుకప్పా ఆ తిట్లు పడేది, పెట్టేసెయ్" అన్నడు.

ఎల్లన్న పెట్టెయ్యలె. ఫోన్ చెవికి ఇంకింత ఒత్తి పట్టుకున్నడు. తిట్టుకు తిట్టుకు నడుమ పిలగాడు రొప్పుకుంట ఊపిరి తీసుకుంటున్నడు, గది మంచిగ వినవడుతున్నది.

"తిట్టు తమ్మీ" అన్నడు ఎల్లన్న, "ఆపకు, ఇంకా తిట్టు."