కోపం తెచ్చుకోవలసిన రోజు

"ఏమిటండీ ఈ సరుకు? మనుషులు తినేదేనా ఇది?" అన్నాడు ఆయన అద్దంలోకి చూస్తూ.

అద్దంలోని ముసలాయన బెదిరిపోయాడు. వంటగది గుమ్మంలో గరిట పట్టుకుని చూస్తున్న కోడలు పెదవి విరిచింది.

"లాభం లేదు మామయ్యా. తిట్టినట్టు లేదు. క్షమించమని బతిమాలినట్టుంది."

"గొంతు లేవడం లేదమ్మా."

"అయితే నన్ను చూసి అనండి. నేనే కొట్టు మేనేజర్ని అనుకోండి." ఆమె గరిట చంకలో పెట్టుకుని, గడ్డం పైకెత్తి, కళ్ళు సగం మూసింది. ఆయన నోరు తెరిచాడు. వేలు కూడా చూపించాడు. అంతలోనే నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గొచ్చింది. కోడలు గరిట పక్కన పడేసి మంచినీళ్ళు తెచ్చింది.

"ఈ ఉద్యోగం మీకెవరిచ్చారో గానీ, మనిషిని చూసి ఇవ్వలేదు," అంది.

ఆయన ఉద్యోగం సరుకులు కొనడం. ప్రింటింగు ప్రెస్సులో కాగితాలు మడతపెట్టీ, కుట్టీ వయసంతా గడిపాక దొరికిన పని ఇది. ఒక చిన్న కంపెనీ ఆయన్ని మామూలు మనిషిలా సూపర్‌మార్కెట్లకు పంపుతుంది. వెళ్ళి కూరగాయలు పట్టి చూడాలి. రొట్టె ఎప్పటిదని అడగాలి. ఏది ఎక్కడుందో తెలియనట్టు నిలబడి, ఎవరైనా పలకరిస్తారేమో కనిపెట్టాలి. బయటికొచ్చాక, ఏ సంస్థ కొట్టులో సరుకెలా ఉంది, మర్యాదెలా ఉంది అన్నది ఫోనులో చెప్పాలి. కొట్లవాళ్ళకు ఈ సంగతి తెలియదు. వాళ్ళకు ఆయన సందేహాలు ఎక్కువైన ఒక పెద్దాయన, అంతే. అందుకే సందేహాల తాతయ్య అని పేరు పెట్టుకున్నారు.

ఇన్నాళ్ళూ అడిగితే సరిపోయింది. ఇవాళ అరవాలి. ఆ పేటలో మూడు సంస్థల కొట్లున్నాయి. పెద్ద సంస్థ మిగతా రెండిటినీ కొనేస్తోంది. కొన్న రెండు కొట్లలో ఒకటి ఉంచి, రెండోది మూసేస్తారట. సరుకు విషయంలో ఆ రెండూ సమానంగానే తేలాయి. ఇక మర్యాదే తేలాలి. "కోపంగా వచ్చిన మనిషితో ఎలా ఉంటారో చూడండి సార్. ఎవరు తట్టుకుంటే వాళ్ళ కొట్టు ఉంటుంది," అని ఆఫీసు మేడమ్ ఫోనులో చెప్పింది. అందుకని వారం కిందట మూడు చోట్లా ఒక్కో జామ్ సీసా కొని, మూత తీసి, ఇంటిల్లిపాదీ కాస్త కాస్త తిన్నారు. ఇవాళ వాటిని తీసుకెళ్ళి, పాడైపోయాయని గొడవపెట్టుకోవాలి.

ఆయన జన్మలో ఏదీ తిరిగిచ్చిన మనిషి కాదు. కొత్త చెప్పులు కరిస్తే కాలికే గుడ్డ చుట్టుకున్నాడు. భార్య ఉన్నన్నాళ్ళూ బేరం ఆవిడ చేసేది, సంచి ఈయన పట్టుకునేవాడు. "మీరు నోరు విప్పకండి, ధర పెరుగుతుంది," అనేది ఆవిడ. ఆవిడ పోయాక సంచి మిగిలింది.

బయలుదేరేముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. దేవుడా, ఇవాళ ఒక్కరోజుకి నాకు కోపం ఇవ్వు అని అడిగాడు. అడిగాక సందేహం పట్టుకుంది. అందరూ శాంతి అడుగుతారు, ఓర్పు అడుగుతారు. కోపం అడిగినవాడికి దేవుడేమని సమాధానం చెబుతాడు?

పెద్ద సంస్థ కొట్టు తలుపులు ఆయన్ని చూసి వాటంతటవే తెరుచుకున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆయనకది వింతే. లోపల చల్లటి వెలుతురు. ఆపిల్ పళ్ళన్నీ ఒకే పరిమాణంలో, ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి. ఆకుకూరల మీద సన్నటి నీటి తుంపర పడుతోంది. ఆయన ఒక ద్రాక్షగుత్తి ముందు ఆగాడు. ఎవరో మొక్క నాటి ఉంటారు. ఎవరో నీళ్ళు కట్టి, ఎవరో కోసి, ఎవరో కునుకు లేకుండా లారీ నడిపి, ఇంకెవరో మచ్చ పడిన పళ్ళని ఏరి ఉంటారు. ఒక్క గుత్తి వెనక ఇంతమంది ఉంటే, ఈ హాలు నిండా ఎంతమంది కిక్కిరిసి నిలబడి ఉన్నట్టు? వాళ్ళెవరి తోవకీ అడ్డం రాకూడదన్నట్టు ఆయన కాస్త పక్కకు ఒదిగి నడిచాడు.

కౌంటరు దగ్గర సీసా తీసి, అద్దం ముందు అన్న మాటే అన్నాడు.

"ఏమన్నారు సర్?" అన్నాడు ఇస్త్రీ చొక్కా కుర్రవాడు చిరునవ్వుతో.

"పాడైపోయిందండీ."

"చాలా విచారిస్తున్నాం సర్. కొత్తది తీసుకోండి సర్." పాతది లోపలికి వెళ్ళింది, కొత్తది చేతికొచ్చింది. అదే చిరునవ్వు వెనకనున్న మనిషి వైపు తిరిగింది.

బయటికొచ్చి ఫోను చేశాడు. "సరుకు మొదటి రకం. మర్యాదా మొదటి రకమే. కాకపోతే నేను కోపంగా ఉన్నానని ఎవరూ గమనించలేదమ్మా."

"అది మీ లోపం సార్," అంది మేడమ్.

రెండో కొట్టు ఎగువ వీధిలో ఉంది. నాలుగడుగులకోసారి ఆగి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎక్కాడు. అక్కడ నడవల్లోనే అట్టపెట్టెలు, వాటి మధ్య పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. ధరల అట్టలు తోరణాల్లా వేలాడుతున్నాయి. సర్దుడు లేదు గానీ ఆకుకూర మాత్రం విరిస్తే టప్పున విరిగింది. ఆ చప్పుడుకి ఆయన ముఖం విప్పారింది. అక్కడి మేనేజరు జేబునిండా పెన్నులున్న మనిషి. సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"సగం లేదేంటి పెద్దాయనా?"

"మనుషులు తినేదేనా ఇది?"

"తిన్నారుగా!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. చివరికి మేనేజరు పసుపు చీటీ అంటించిన కొత్త సీసా ఒకటి బల్లమీద టక్కున పెట్టాడు. "తీసుకెళ్ళండి. పొద్దున్నే నా ప్రాణానికి తగిలారు."

మెట్లమీద కూర్చుని ఫోను చేశాడు. ఎడమ భుజం బరువుగా లాగుతోంది. "ఇచ్చారు. కసిరి ఇచ్చారు. అయినా సగం తిన్నది మేమేగా, ఆయన కసిరాడంటే తప్పేముందమ్మా?"

"మీరు జడ్జీ సార్. లాయరు కాదు."

చివరిది అన్నిటికంటే చిన్న సంస్థ కొట్టు. నేలమీద గచ్చు పగుళ్ళిచ్చింది. గోడమీద ఒకే ఒక్క ఫ్యాను తల ఊపుకుంటూ తిరుగుతోంది. టమాటాలు చిన్నవీ పెద్దవీ కలిసి, ఒక ఇంటి పిల్లల్లా ఉన్నాయి. కౌంటరు దగ్గర ఇవాళ ఇంకెవరైనా ఉంటే బాగుండునని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఎప్పుడూ బిల్లు కొట్టే ఆ అమ్మాయే ఉంది. పొద్దుటినుంచీ నిలబడి ఒక కాలి బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ, బొంగురుపోయిన గొంతుతో ధరలు చెబుతోంది. కిందటిసారి సంచి సర్దుతూ, "మూసేస్తారంటున్నారు తాతయ్యా. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. అమ్మకింకా చెప్పలేదు," అంది. అని, మరుక్షణంలో, "గుడ్లు పైన పెట్టాను, జాగ్రత్త," అంది.

ఆయన సంచిలో చెయ్యి పెట్టి సీసా తీశాడు. కౌంటరు మీద దభీమని పెట్టాడు.

"ఏమిటి ఈ సరుకు! మనుషులు తినేదేనా ఇది! మూత తీస్తే బూజు! డబ్బు పుచ్చుకుని విషం అమ్ముతారా మీరు!"

వరసలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అది తన గొంతేనా? ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్ళూ! పొద్దున అడిగింది దేవుడు ఇప్పుడు ఇచ్చాడని తెలిసి ఒళ్ళు గగుర్పొడిచింది. అదే ఊపులో ఇంకేదో అనబోతూ సీసా వంక చూశాడు.

మూత మీద సీలు చెక్కుచెదరలేదు. లోపల నిండా జామ్ ఉంది. మూత నడిమధ్య ఎగువ వీధి కొట్టు పసుపు చీటీ మెరుస్తోంది.

ఆ అమ్మాయి కూడా చూసింది. వరసలో ముందున్నావిడ ఏమైందోనని మెడ సాచింది. అంతకుముందే ఆ అమ్మాయి అరచెయ్యి వచ్చి మూతమీద పడింది.

"అవును తాతయ్యా, పొరపాటు జరిగింది," అంది అందరికీ వినబడేలా. "ఒక్క నిమిషం ఆగండమ్మా, పెద్దాయన కదా." రెండో చేత్తో మేనేజరు కుర్చీ ఇవతలికి లాగి, ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, తన సీసాలోని మంచినీళ్ళిచ్చింది. అప్పుడు వంగి, చెవి దగ్గర మెల్లగా అంది. "ఇది ఎగువ వీధి కొట్టుది తాతయ్యా. సీలు కూడా తియ్యలేదు. ఎండలో తిరిగొచ్చినట్టున్నారు. దీంతో ఏదైనా ఇబ్బందుంటే ఇక్కడ ఉంచి వెళ్ళండి, డ్యూటీ దిగాక నేనే వెళ్ళి మార్పించి తెస్తాను."

"నేను... నేను నిన్ను అన్ని మాటలన్నానమ్మా."

"పర్లేదులెండి. సందేహాలు అయిపోయాయేమో, కోపం మొదలెట్టారు." నవ్వి, వరస వైపు తిరిగింది. చెయ్యి మాత్రం ఇంకా మూతమీదే ఉంది. రెండో చేత్తోనే బిల్లు కొడుతోంది.

ఆయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ళతరబడి కొట్లకు తిరిగి మర్యాదలు తూచాడు. అవన్నీ జనం చూసేలా చేసిన మర్యాదలు. ఇది ఎవరూ చూడకుండా అరచేత్తో మూసి చేసింది. కోపం కావాలని తాను అడిగితే వచ్చింది. ఈ ఓర్పుని ఈ పిల్ల కోసం ఎవరడిగి ఉంటారు? తల్లా? లేక ఎవరూ అడక్కుండానే ఇస్తాడా దేవుడు?

ఫోను తీసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. జరిగిందంతా చెప్పాడు. అవతల మేడమ్ పగలబడి నవ్వింది.

"పక్క కొట్టు సీసానా! అయితే ఈ పరీక్ష చెల్లదు సార్. రేపు ఇంకొకళ్ళని పంపిస్తాను."

"ఎందుకు చెల్లదమ్మా?" ఇందాకటి గొంతు కొంచెం ఇంకా మిగిలే ఉంది. "కోపంగా వచ్చిన మనిషితో ఎలా ఉంటారో చూడమన్నావు. నేను కోపంగా వచ్చాను. తప్పు నాదే అయ్యుండి కోపంగా వచ్చాను. ఇంతకన్నా గట్టి పరీక్ష మీ ఆఫీసు పెట్టగలదా?"

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"మార్కెంతంటారు?"

"మీ దగ్గర అన్నిటికంటే ఎక్కువ మార్కెంత ఉంటే అంత."

"సరే సార్. మీరెప్పుడూ నాతో ఇలా మాట్లాడలేదు." గొంతులో నవ్వు పోయింది. "ఇప్పుడే పైవాళ్ళకి పంపుతున్నాను. ఆ కొట్టు ఉంటుంది. మీరు ఇంటికెళ్ళి పడుకోండి."

ఆ మాట ఆ అమ్మాయికి చెప్పకూడదు. రేపో ఎల్లుండో దానంతట అదే తెలుస్తుంది. చెప్పకుండా ఉండటం ఇంత తియ్యగా ఉంటుందని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. కుర్చీ పక్కనే బుట్టలో కమలాపళ్ళున్నాయి. ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదానికి తొడిమె దగ్గర ఇంకా ఆకు ఉంది. దాన్ని తీసుకుని, కాసేపు చేతిలో తిప్పి చూసి, ఆమెకు అందించాడు.

"ఇది నాకమ్మా. నేను తినడానికి."

"మరి రోజూ కొనేవన్నీ ఎవరికి తాతయ్యా?" అంటూ ఆమె పండును కాటామీద పెట్టింది. "ఒక్కటేనా? ఇంకోటి వెయ్యనా?"

ఆయన పలకలేదు. ఎదురుగా ఉన్న అరలవైపు, వాటిమీది సరుకులవైపు, పెద్ద కొట్టు తలుపులు వాటంతటవే తెరుచుకున్నప్పుడు చూసినట్టు, రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు. కుడిచెయ్యి మోకాలిమీద వెల్లకిలా ఉంది.

"తాతయ్యా?"

కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వరసలో ముందున్నావిడ చప్పుడు కాకుండా తన బుట్ట కింద పెట్టింది. ఆవిడ వెనకాయన కూడా పెట్టాడు. తొందర అని ఎవరూ అనలేదు.

కాటామీద పండు అలాగే ఉంది. ఫ్యాను తల ఇటు తిప్పినప్పుడల్లా దాని తొడిమె దగ్గరి ఆకు కదులుతోంది, ఆకు కదిలినప్పుడల్లా ఎర్రటి అంకెల్లో చివరిది మారి, మళ్ళీ మొదటికి వస్తోంది.